బయాప్సీ రిపోర్టు కంటే ముందు స్లైడ్ రంగు సరిగా ఉండాలి

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ వెతికేది ఒక్కటే: క్యాన్సరా, కాదా? ఆ మాట రాసేది పాథాలజిస్టే. కానీ ఆయన చూసేది టెక్నీషియన్ రంగు వేసిన స్లైడ్‌ను. రంగు చెడితే ఎంత అనుభవమున్న డాక్టరైనా తడబడొచ్చు. కొత్త ఆస్పత్రులు, ఖరీదైన మెషీన్ల గురించి మాట్లాడుకునే మనం ఈ సంగతి పట్టించుకోవడం లేదు.

తీసిన ముక్కను వెంటనే, దానికి కనీసం పది రెట్ల ఫార్మలిన్‌లో వేయాలి. తర్వాత మైనంలో బిగించి, 3 నుంచి 5 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. హిమటాక్సిలిన్ కణ కేంద్రకాలకు నీలం రంగు, ఇయోసిన్ మిగతా భాగానికి గులాబీ రంగు ఇస్తాయి. క్యాన్సర్ ఆనవాళ్లు ముఖ్యంగా కేంద్రకాల్లోనే చూస్తారు. వాడీ వాడీ హిమటాక్సిలిన్ బలం తగ్గితే అవి పాలిపోతాయి. రంగు మరీ ఎక్కువైతే లోపలి వివరాలు కనబడవు. పొరలు తేలే నీళ్ల తొట్టెను శుభ్రం చేయకపోతే ఒకరి కణజాలం మరొకరి స్లైడ్‌పైకి చేరే ప్రమాదమూ ఉంది.

దీన్ని ఆపడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. రోజూ పొద్దున, అపెండిక్స్ లాంటి తెలిసిన కణజాలంతో ఒక కంట్రోల్ స్లైడ్‌కు ముందుగా రంగు వేయాలి. పాథాలజిస్టు చూసి సరే అన్నాకే రోగుల స్లైడ్‌లు ముట్టుకోవాలి. ద్రావణం ఎప్పుడు మార్చారో, ఎవరు చూశారో రిజిస్టర్‌లో రాయాలి.

మరి ఇది జరుగుతోందో లేదో చూసేదెవరు? ఐఎస్ఓ 15189 ప్రమాణం ప్రకారం ఎన్ఏబీఎల్ ఇచ్చే గుర్తింపు మన దేశంలో స్వచ్ఛందమే. గుర్తింపు లేనంత మాత్రాన ల్యాబ్ చెడ్డదని కాదు. కానీ అక్కడ నాణ్యత యజమాని మనస్సాక్షి మీదే ఆధారపడుతుంది. తనిఖీకి వచ్చే అధికారులు సర్టిఫికెట్లతో పాటు ఆ వారం కంట్రోల్ స్లైడ్‌లు, రిజిస్టర్ కూడా అడగాలి. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా తేలిపోతుంది.

కుటుంబాల చేతిలోనూ ఒక పని ఉంది. అమ్మీనో అబ్బానో హైదరాబాద్‌లోని నిమ్స్‌కో, ఎంఎన్‌జేకో తీసుకెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. స్లైడ్‌లు, మైనం బ్లాకులు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. పాత స్లైడ్ రంగు బాగోలేకున్నా, బ్లాకులో కణజాలం మిగిలి ఉంటే మళ్లీ పొర కోసి కొత్తగా రంగు వేయొచ్చు. ఆ మనిషికి రెండోసారి ముక్క తీయించుకునే బాధ తప్పే అవకాశం ఉంటుంది.