రచ్చబండ పక్కనుంచి

తెలుగు వికీపీడియాలో సంపాదకులు ఉమ్మడి విషయాలు చర్చించుకునే పేజీకి 'రచ్చబండ' అని పేరు. పెట్టినవాళ్ళు ఆత్మీయంగానే పెట్టి ఉంటారు. నంద్యాల దగ్గరి పల్లెలో పెరిగిన నాకు మాత్రం ఆ మాట చదవగానే బిందె చంకనెత్తుకుని ఆ బండ పక్కనుంచి తల వంచుకుని గబగబా నడిచిపోయే మా అమ్మ గుర్తొచ్చింది. తగువు ఆడవాళ్ళదైనా తీర్పు అక్కడ కూర్చున్న మగవాళ్ళదే.

కిందటేడు ఆళ్ళగడ్డలో శిల్పుల ఇళ్ళకి వెళ్ళాను. ఆళ్ళగడ్డ రాతిశిల్పాలు దూరప్రాంతాల గుళ్ళకి చేరుతాయి, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేను వెళ్ళిన ఇళ్ళలో ఉలి పట్టేది మగవాళ్ళు. ఆ తర్వాత రోజుల తరబడి కూర్చుని విగ్రహాన్ని నునుపు చేసేది, ఆ దుమ్ము పీల్చేది ఆడవాళ్ళు. "శిల్పి ఎవరమ్మా?" అంటే "మా ఆయన" అంది ఒకామె. మరి నువ్వో అంటే నవ్వింది. "నేనేం జేచ్చానక్కా, ఊరికే రుద్దుతాంటా."

నంద్యాల తిరిగొచ్చి ఆ సంగతిని రెండు వాక్యాల్లో వికీపీడియాలో చేర్చాను. తెల్లారేసరికి లేవు. మూలం చూపలేదని తీసేశారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశారు. మూడోసారి పెట్టాక నా చర్చాపేజీలో హెచ్చరిక కనిపించింది. వివాదం ఉంటే చర్చించాలి తప్ప ఇలా తిరగ్గొడుతూ పోకూడదు, పోతే రాసే వీలు ఆగిపోతుంది అని.

కోపం వచ్చింది. సోషియాలజీలో డాక్టరేట్ చేసినదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నదాన్ని, నాకా హెచ్చరిక? అనుకున్న మరుక్షణమే సిగ్గేసింది. ఆ బండమీద పెద్దమనుషులు మాట్లాడే మాట సరిగ్గా ఇదే కదా! అక్కడ పట్టా చెల్లదు, హోదా చెల్లదు. ఎవరైనా అచ్చయిన, నమ్మదగిన మూలం చూపాల్సిందే. సొంత పరిశోధన తెచ్చి నేరుగా పెట్టకూడదు. పైగా నాకొచ్చిన హెచ్చరిక నేను రాసింది అబద్ధమని కాదు, నేను నడుచుకున్న తీరు బాగాలేదని. తప్పు నాదే.

అయితే నియమం అందరికీ ఒకటే అయినంత మాత్రాన దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు. 2018లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న డోనా స్ట్రిక్లండ్ మీద ఒకరు రాసిన చిత్తుప్రతిని, ఆ ఏడాదే కొన్ని నెలల ముందు, తగిన మూలాలు లేవని ఆంగ్ల వికీపీడియాలో తిరస్కరించారు. నియమం ప్రకారం చూస్తే దాంట్లో దోషం పట్టడం కష్టం. ఆమె గురించి రాయకుండా ఊరుకున్న పత్రికల మాటేమిటి? మన పనిని లోకం అచ్చు వేయదు, అచ్చులో లేదు కాబట్టి విజ్ఞాన సర్వస్వంలోకి రాదు, అందులో లేదు కాబట్టి రేపటి పిల్లలకి అసలు లేనట్టే.

హెచ్చరిక సంగతీ అంతే. వికీమీడియా ఫౌండేషన్ 2011లో జరిపిన సర్వేలో సంపాదకుల్లో స్త్రీలు పదిశాతం కూడా లేరు. దాన్ని 2015కల్లా పాతికశాతం చేయాలన్న లక్ష్యం నెరవేరలేదు. అచ్చుగుద్దినట్టుండే హెచ్చరిక పాతకాపుకి రోజువారీ చిరాకు. ఇంట్లో, బస్సులో, క్లాసులో హెచ్చరికలు వింటూ పెరిగిన పిల్లకి అది మరో 'బయటికి పో'. నా దగ్గర చదివిన నంద్యాల అమ్మాయి ఒకతె అలాంటి నోటీసు చూసి కంప్యూటర్ మూసేసి మళ్ళీ తెరవలేదు. ఎవరూ ఆమెని తిట్టలేదు. ఇక్కడ నువ్వు రాయొచ్చు, ఇలా రాస్తే నిలబడుతుంది అని చెప్పినవాళ్ళూ లేరు.

నిజంగా తిట్టేవాళ్ళు, వెంటపడేవాళ్ళు, మారుపేరు వెనక ఉన్న మనిషి ఆచూకీ బయటపెట్టేవాళ్ళు వేరు. వాళ్ళకోసం 2021లో ఫౌండేషన్ సార్వత్రిక ప్రవర్తనా నియమావళి తెచ్చింది. అందులో లైంగిక వేధింపు, బెదిరింపు, వ్యక్తిగత వివరాలు వెల్లడించడం అన్నీ పేరుపెట్టి నిషేధించారు. మంచిదే. కానీ ఊళ్ళో అందరూ అందరికీ తెలిసిన చోట, ఫిర్యాదు చేసిన అమ్మాయి అందరూ చదివే పేజీలో రుజువులు పరచాల్సి వస్తే నోరు విప్పుతుందా? చట్టాల విషయంలో ఈ ప్రశ్న మనం ఎప్పటినుంచో అడుగుతున్నదే.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు అంతకుముందూ ఉన్నాయి, వాళ్ళ నోళ్ళలో. పుస్తకం అయ్యాకే అవి ఎవరైనా ఉటంకించగల మూలం అయ్యాయి. నేను ఆవేశంలో మరిచిపోయిన దారి అది.

అందుకని ఈ సంచికలో ఆళ్ళగడ్డ స్త్రీల సంభాషణలు వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ అనుమతితో, వాళ్ళు కోరినచోట పేర్లు మార్చి అచ్చువేస్తున్నాం. మా చిన్న పత్రికని నమ్మదగిన మూలంగా ఒప్పుకుంటారో లేదో చర్చాపేజీలో వాదించాల్సే ఉంటుంది. నా రాతని నేనే మూలంగా చూపుకోవడం మర్యాద కాదు గనక ఆ రెండు వాక్యాలూ నేను పెట్టను. కంప్యూటర్ మూసేసిన ఆ నంద్యాల అమ్మాయికి ఒక ప్రతి పంపించాను.