వింబుల్డన్ రికార్డుల్లో హైదరాబాద్ పేరు రెండుసార్లు.. రెండూ డబుల్స్‌లోనే! సీమ పిల్లలకు దారి ఎటు?

వింబుల్డన్ అనగానే ఫెదరర్, జొకోవిచ్, సెరెనా పేర్లే గుర్తొస్తాయి. పుంగనూరు, మదనపల్లె, కుప్పంలో ఫోన్లో హైలైట్స్ చూసే కుర్రాళ్లకూ ఆ పేర్లు కొత్త కాదు. అయితే ఆ విజేతల జాబితాలో మన హైదరాబాద్ అమ్మాయి పేరు కూడా ఉంది. అదీ రెండుసార్లు. మరి సింగిల్స్‌లో మనవాళ్లు ఎందుకు కనిపించరు? గడ్డి కోర్టులు లేకపోవడమే కారణమా? లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

ముందు రికార్డుల సంగతి

వింబుల్డన్ మొదలైంది 1877లో. అప్పుడు బరిలో దిగింది 22 మంది మాత్రమే. తొలి విజేత స్పెన్సర్ గోర్. మహిళల సింగిల్స్ 1884లో వచ్చింది. పురుషుల సింగిల్స్‌లో ఎక్కువ టైటిళ్లు రోజర్ ఫెదరర్‌వి.. మొత్తం 8. పీట్ సంప్రాస్, నొవాక్ జొకోవిచ్ చెరో 7 గెలిచారు. మహిళల్లో మార్టినా నవ్రతిలోవా 9 సింగిల్స్ టైటిళ్లతో అందరికంటే పైన ఉంది. డబుల్స్, మిక్స్‌డ్ కూడా కలిపితే నవ్రతిలోవా, బిల్లీ జీన్ కింగ్ చెరో 20 టైటిళ్లతో సమానం.

17 ఏళ్లకే సింగిల్స్ కొట్టిన బోరిస్ బెకర్ (1985) రికార్డు పురుషుల్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2010లో ఇస్నర్, మహుత్ మ్యాచ్ మూడు రోజుల పాటు సాగి, మొత్తం 11 గంటల 5 నిమిషాలు పట్టింది. చివరి సెట్ స్కోరు 70-68. ఇక 2025లో యానిక్ సినర్ ఫైనల్లో అల్కరాజ్‌ను ఓడించి, సింగిల్స్ గెలిచిన తొలి ఇటలీ ఆటగాడయ్యాడు. మహిళల ఫైనల్లో ఇగా స్వియాటెక్ 6-0, 6-0తో అనిసిమోవాను చిత్తు చేసింది. వింబుల్డన్ మహిళల ఫైనల్లో ఇలాంటి స్కోరు 1911 తర్వాత ఇదే మొదటిసారి.

సానియా.. 12 ఏళ్ల గ్యాప్‌లో రెండు ట్రోఫీలు

2003లో రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి సానియా మీర్జా బాలికల డబుల్స్ టైటిల్ గెలిచింది. అప్పటికి ఆమె వయసు 16. ఆ తర్వాత 2005లో సొంతూరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టింది. ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళ ఆమే. 2007లో సింగిల్స్ ర్యాంకు 27 వరకు వెళ్లింది.

కానీ వింబుల్డన్ సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటలేకపోయింది. పైగా మణికట్టు, మోకాలి గాయాలు. చివరికి సింగిల్స్ వదిలేసి పూర్తిగా డబుల్స్ మీదే దృష్టి పెట్టింది. ఆ నిర్ణయమే కలిసొచ్చింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయింది. అదే ఏడాది జులై 11న మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ ఫైనల్ ఆడింది. ప్రత్యర్థులు మకరోవా, వెస్నీనా. చివరి సెట్లో 2-5తో వెనకబడ్డారు. ఇక అయిపోయిందనుకున్న దశలో వరుసగా గేములు లాగి, 5-7, 7-6, 7-5తో గెలిచారు. మధ్యలో వెలుతురు తగ్గితే సెంటర్ కోర్టు పైకప్పు మూసి మరీ ఆట ముగించారు. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ గెలిచిన తొలి భారతీయురాలు సానియానే.

మూడు టైటిళ్లు.. మూడూ డబుల్స్!

2015 వింబుల్డన్ భారత్‌కు పండగే. మిక్స్‌డ్ డబుల్స్‌లో లియాండర్ పేస్, బాలుర డబుల్స్‌లో సుమిత్ నాగల్ కూడా టైటిళ్లు అందుకున్నారు. కానీ గమనించండి.. మూడూ డబుల్సే. 1999లో పేస్, భూపతి గెలిచింది కూడా పురుషుల డబుల్సే.

సింగిల్స్ లెక్క చూస్తే సీన్ మారిపోతుంది. బాలుర సింగిల్స్‌లో రామనాథన్ కృష్ణన్ (1954), ఆయన కొడుకు రమేశ్ కృష్ణన్ (1979), లియాండర్ పేస్ (1990) విజేతలు. పెద్దల సింగిల్స్‌లో మాత్రం 1960, 1961లో రామనాథన్ కృష్ణన్ ఆడిన సెమీస్‌లే ఇప్పటికీ భారత్‌కు అత్యుత్తమం. అంటే జూనియర్లుగా గెలుస్తున్నాం, పెద్దయ్యాక ఆగిపోతున్నాం. సమస్య అక్కడే ఉంది.

ఎందుకు ఆగిపోతోంది?

వింబుల్డన్ సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. వారిలో 104 మంది నేరుగా ర్యాంకు మీద వస్తారు. క్వాలిఫైయింగ్ గెలిచి వచ్చేవాళ్లు 16 మంది, వైల్డ్‌కార్డులు 8. అంటే దాదాపు టాప్ 100లో ఉంటేనే గ్యారంటీ. ఆ ర్యాంకు రావాలంటే ఏళ్ల తరబడి దేశాలు తిరిగి చిన్న టోర్నీలు ఆడాలి. టికెట్లు, హోటల్, కోచ్, ఫిజియో.. అన్నీ సొంత ఖర్చే. చిన్న టోర్నీల్లో వచ్చే డబ్బు ఆ ఖర్చుకే సరిపోదు.

ఒక్కసారి గేటు దాటితే కథ వేరు. 2025లో వింబుల్డన్ సింగిల్స్ తొలి రౌండ్లో ఓడినా 66 వేల పౌండ్లు ఇచ్చారు. మన డబ్బుల్లో 75 లక్షలకు పైనే. విజేతకు 30 లక్షల పౌండ్లు. అదే డబుల్స్ టైటిల్ గెలిచిన జోడీకి ఇద్దరికీ కలిపి 6.8 లక్షల పౌండ్లు. అంటే పెద్ద డబ్బు సింగిల్స్‌లోనే ఉంది. కానీ అక్కడి దాకా చేర్చే మధ్యలోని ఐదారేళ్ల ఖర్చే కుటుంబాల నడ్డి విరుస్తోంది. డబుల్స్‌లో పరుగు తక్కువ, కెరీర్ ఎక్కువ. రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలవడమే అందుకు రుజువు. మనవాళ్లు అటు మళ్లడంలో వింతేం లేదు.

గడ్డి లేకపోతే కష్టమా?

వింబుల్డన్ కోర్టుల్లో రై గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తారు. బంతి తక్కువ ఎత్తులో జారిపోతుంది. తాగునీటికే ఇబ్బంది పడే సీమలో అలాంటి కోర్టు పెంచడం అయ్యే పని కాదు. కానీ అది పెద్ద అడ్డంకి కాదు. ఎందుకంటే గడ్డి మీద ఆడే సీజన్ ఏడాదిలో కొన్ని వారాలే. మట్టి కోర్టుల మీద పెరిగిన రఫెల్ నాదల్ 2008, 2010లో వింబుల్డన్ గెలిచాడు. అదే స్పెయిన్ నుంచి, అదే మట్టి కోర్టుల నుంచి వచ్చిన అల్కరాజ్ 2023, 2024లో గెలిచాడు. గడ్డి తర్వాత.. ముందు కావాల్సింది కోర్టు, కోచ్, క్రమం తప్పని టోర్నీలు.

ఆ నాదల్ వచ్చింది మన అనంతపురానికే!

చాలామందికి తెలియని విషయం ఇది. 2010 జులైలో వింబుల్డన్ గెలిచిన నాదల్, అదే ఏడాది అక్టోబరులో అనంతపురం వచ్చాడు. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీతో కలిసి తన ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ స్కూల్‌ను తల్లితో కలిసి ప్రారంభించాడు. పేద పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పడం దాని ఉద్దేశం. చాంపియన్లను తయారు చేస్తామని వాళ్లు చెప్పలేదు. పిల్లలకు ఒక అవకాశం ఇస్తామన్నారు. సీమలో టెన్నిస్ రాకెట్ పేదింటి పిల్లల చేతికి కూడా వస్తుందని ఆ స్కూల్ చూపించింది.

పుంగనూరు పిల్లలకు దారేది?

ఇక్కడి నుంచి దారి దాదాపుగా బెంగళూరు, చెన్నై వైపే. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు. కానీ పదేళ్ల పిల్లను రోజూ అంత దూరం తిప్పడం ఏ రైతు కుటుంబానికీ కుదరదు. జాతీయ టెన్నిస్ సంఘం అండర్-12, 14, 16, 18 విభాగాల్లో టోర్నీలు పెడుతుంది. అక్కడ పాయింట్లు వస్తేనే పై మెట్టు. ఊళ్లో కోర్టే లేని పిల్లకు ఆ మొదటి మెట్టే అందదు.

మరో దారి అమెరికా కాలేజీ టెన్నిస్. సహజ యామలపల్లి అక్కడి యూనివర్సిటీకి ఆడి ప్రొఫెషనల్ అయింది. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవారెడ్డి స్టాన్‌ఫర్డ్‌కు ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచాడు. చదువు, ఆట రెండూ సాగుతాయి, స్కాలర్‌షిప్ వస్తే ఖర్చూ తగ్గుతుంది. కానీ ఆ స్కాలర్‌షిప్‌కూ ముందు ఇక్కడ ఆడిన రికార్డు ఉండాలి.

అందుకే విషయం మళ్లీ మున్సిపాలిటీల దగ్గరికే వస్తుంది. పట్టణానికి రెండు హార్డ్ కోర్టులు, ఒక కోచ్, ఏడాదికి నాలుగైదు టోర్నీలు. నిజానికి ఇది పెద్ద బడ్జెట్ అడిగే పని కాదు. హైదరాబాద్‌లో కోర్టు ఉంది, కోచ్ ఉన్నాడు, ఖర్చు భరించే కుటుంబం ఉంది.. కాబట్టే సానియా వింబుల్డన్ దాకా వెళ్లగలిగింది. ఆ మూడింట్లో మొదటి రెండు ప్రభుత్వం ఇస్తే, మూడోది లేని పిల్లలు కూడా కనీసం ఆట మొదలుపెట్టగలరు.