పార్వతి నుదుట వ్రాసినదెవరు?

పెళ్ళి సంబంధం తప్పిపోయిన యువకుడు గడ్డం పెంచుకొని తిరుగుతుంటే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: "వాడు దేవదాసు అయిపోయాడు." ఆ వెంటనే ఇంటి పెద్దలెవరో నిట్టూర్చి, "అంతా తలరాత, ఎవరేం చేయగలరు?" అంటారు. ఈ రెండు మాటలూ ఎప్పుడూ జంటగానే ఎందుకు వస్తాయో పాఠకులు ఎన్నడైనా ఆలోచించారా?

అర్చకత్వం చేసుకొనే వాడికి సినిమా కథతో పనేమిటని మీకు తోచవచ్చు. పని ఉంది. జాతకాలు చేతబట్టుకొని మా ఆలయానికి వచ్చే తల్లిదండ్రుల నోట గీతావాక్యాలకంటె ఈ కథలోని వేదాంతమే ఎక్కువగా వింటున్నాను. శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీలో రచించిన నవల 1917లో వెలువడింది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు నటించిన తెలుగు చిత్రం 1953లో వచ్చింది. దర్శకుని ఇంటిపేరే వేదాంతం కావడం యాదృచ్ఛికమే. కానీ చేత సీసా పట్టుకొని, ప్రక్కన కుక్కను కూర్చోబెట్టుకొని నాయకుడు పాడిన మాయావాదాన్ని మన జనం శంకరుల మాయావాదం అనుకొన్నారు. అక్కడే చిక్కు వచ్చింది.

ఒకసారి కథను శాస్త్రదృష్టితో చూద్దాం. కర్మ మూడు విధాలని పెద్దలు చెబుతారు. అమ్ములపొదిలోని బాణాలు సంచితం. వింటినుండి వెడలిన బాణం ప్రారబ్ధం. చేతిలో పట్టుకొని, ఇంకా విడువని బాణం ఆగామి. దేవదాసు జమీందారు ఇంట పుట్టడం, పొరుగింటి పార్వతి పేదపిల్ల కావడం, తండ్రి అంతస్తు చూసుకొనే మనిషి కావడం ప్రారబ్ధమే అందాం. వెడలిన బాణాన్ని ఎవరూ వెనుకకు రప్పించలేరు. అయితే ఒక అర్ధరాత్రి పార్వతి లోకనిందకు వెరవక అతని గదికి వచ్చి, తనను కాదనవద్దని వేడుకొన్నదే, ఆ క్షణాన బాణం ఎవరి చేతిలో ఉంది? అతడు తండ్రికి ఎదురు నిలువలేదు. ఊరు విడిచి నగరం చేరి, ఆమెను తాను ఆ దృష్టితో ఎన్నడూ చూడలేదన్నట్టు ఉత్తరం వ్రాశాడు. ఆ ఉత్తరాన్ని విధి వ్రాయలేదు. కలం అతనిదే, చేయీ అతనిదే.

తరువాత పశ్చాత్తాపంతో తిరిగివచ్చాడు. అప్పటికి పార్వతి మనసు గాయపడి ఉంది, ఆమె అంగీకరించలేదు. కోపం ఆపుకోలేక కర్రతో ఆమె నుదుట కొట్టాడు. ఆ మచ్చ ఆమెకు జీవితాంతం ఉండిపోయింది. నుదుటి వ్రాత బ్రహ్మ వ్రాస్తాడంటాం. పార్వతి నుదుట వ్రాసింది మాత్రం దేవదాసు. ఈ ఒక్క ఘట్టాన్ని చూసిన తరువాత కూడా దీనిని విధి కథ అని ఎలా అనగలమో నాకు అర్థం కాదు.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు పల్లెలలో ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామికి భారత యజ్ఞం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సునాడు వేషధారి ఆకాశమంత ఎత్తున నిలిపిన మానును ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, సంతానం కోరే స్త్రీలు క్రింద సాష్టాంగపడి, పైనుంచి విసిరిన పండ్లను, విభూతిని కొంగున పడతారు. విధి ఒక్కటే సర్వమైతే అర్జునుడు ఆ మాను ఎక్కడమెందుకు, పాశుపతం కోసం తపించడమెందుకు? ఇంద్రకీలానికి బయలుదేరడానికి ముందు, అదే అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో ఇదే విషయం వాదించింది. మన ప్రాంతంలో దేవతగా పూజలందుకొనే తల్లి మాట కనుక మనం మరింత శ్రద్ధగా వినాలి. సర్వమూ దైవమే అని చేతులు ముడుచుకొన్నవాడు నీటిలో పెట్టిన పచ్చికుండవలె కరిగిపోతాడని ఆమె చెప్పింది. ఈ నీతిని చిన్ననాడు తండ్రి ఒడిలో కూర్చొని, ఒక పండితుడు తన సోదరులకు బోధిస్తుండగా విన్నానని కూడా చెప్పింది.

ఆమె అంతటితో ఆగలేదు. రైతు దున్ని విత్తనం వేస్తాడు, ఆపైన వాన కురవాలి. వాన కురవకపోతే రైతు తప్పు లేదు, అన్నది. మన పడమటి మండలాల వారికి ఈ మాట వివరించనక్కరలేదు. వేరుశనగ విత్తి మబ్బులవైపు చూసిన కళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నాయి. పంట ఎండితే ఆ రైతు తలరాత అని అనుకోవచ్చు, అందులో అవమానం లేదు. దేవదాసు అసలు మడక కట్టలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పట్టాభిషేకం తప్పిననాడు శ్రీరాముడే దైవం అన్నాడు గదా అని అడుగుతారు. నిజమే, అయోధ్యకాండలో లక్ష్మణునితో అన్నాడు. దుర్బలులే దైవాన్ని పట్టుకొంటారని లక్ష్మణుడు మండిపడ్డాడు కూడా. కానీ స్వామి ఆ మాటను ఎందుకు వాడాడో గమనించండి. కైకేయిని నిందించవద్దని చెప్పడానికి వాడాడు. ఎదుటివారి తప్పును మన్నించడానికి దైవాన్ని తలచాడు గాని, తన కర్తవ్యం తప్పించుకోవడానికి కాదు. సీతమ్మను రావణుడు అపహరించిననాడు తలరాత అని కూర్చోలేదు, సముద్రానికి వారధి కట్టించాడు. మనం దీనిని తలక్రిందులు చేశాం. ఇతరుల తప్పులకు వారినే బాధ్యులను చేస్తాం, మన తప్పులకు బ్రహ్మదేవుణ్ణి.

ఇక సావిత్రి మాట. సత్యవంతుడికి ఏడాదే ఆయువని నారదుడు ముందే చెప్పాడు. ఆమె ఆ మాటను అబద్ధమనలేదు, రోజులు లెక్కపెట్టుకొంటూ వ్రతం పట్టింది. విధిని పూర్తిగా ఎరిగి, దానివెంట నడిచి, యమునితో మాట్లాడింది. పార్వతి పాత్ర ధరించిన నటీమణి పేరూ సావిత్రే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. గది తలుపు తట్టిన ఆ రాత్రి పార్వతిలోనూ ఆ ధైర్యం ఉంది. అవతల ఉన్నవాడికే లేదు.

దేవదాసును ఇంతగా నిందించే అర్హత నాకు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

ఇరవైయేడేళ్ళ నాటి మాట. పుంగనూరు దగ్గరి పల్లె అమ్మాయి, కుప్పం వైపు అబ్బాయి. ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఒకే కులం, గోత్రాలు వేరు. అమ్మాయి తండ్రికి ఆస్తి లేదు, అదే కొరత. ముప్పైయారు గుణాలకు ఇరవైరెండు కుదిరాయి. అమ్మాయి జాతకంలో కుజుడు సప్తమంలో ఉన్నాడు, అయితే ఉచ్చస్థానం కనుక దోషం లేదని శాస్త్రమే మినహాయించింది. అబ్బాయి తండ్రి ముందురోజు నా దగ్గరకు వచ్చి, "స్వామీ, కుజదోషం ఉందని ఒక్కమాట చెప్పండి, మిగిలింది మేము చూసుకొంటాం" అన్నారు. నేను అబద్ధం చెప్పలేదు. అందరి ఎదుట "కుజుడు ఏడింట ఉన్నాడు" అని మాత్రం చెప్పి, పంచాంగం మూసివేశాను. సంబంధం తెగిపోయింది. ఆ అబ్బాయి అరుగుమీద కూర్చొని అంతా విన్నాడు, నోరు విప్పలేదు.

మొన్న మాఘమాసంలో అతడు మదనపల్లెకు వచ్చాడు. జుట్టు నెరిసింది. కుమార్తె పెళ్ళికని రెండు జాతకాలు తెచ్చి నా ముందు పెట్టి, కాసేపు ఊరకే కూర్చొని అడిగాడు.

"స్వామీ, ఆనాడు నిజంగానే దోషం ఉందా?"

"లేదు నాయనా."

నన్ను నిలదీస్తాడనుకొన్నాను. అతడు తల వంచుకొని, "నేనూ ఆ రోజు అడగలేదు గదా స్వామీ" అన్నాడు.

ఆ జాతకాలను నేను విప్పలేదు. అమ్మాయి ఎక్కడ ఉందని అడిగాను. బయట మండపంలో ఉందన్నాడు. ముందు ఆమెను లోపలికి పిలువమన్నాను.