కూలీల వేలిముద్రలకు కాపలా ఎవరు?

తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకొని, దానిపైన తనకు తోచిన అప్పు రాసుకున్న వడ్డీ వ్యాపారి సంగతి మన పల్లెల్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. అలాంటి దొంగ పత్రాల మీద వ్యవసాయ కార్మికులు ఎన్నో పోరాటాలు చేశారు. ఇప్పుడు కాగితం పోయి యంత్రం వచ్చింది. వేలు మాత్రం అదే పేదవాడి వేలు. ఈసారి దోచుకునేవాడు మన వాకిట్లోకి రానక్కర కూడా లేదు.

ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయాలంటే మూడు చాలు: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. కార్డు వద్దు, రహస్య నంబరు వద్దు, ఫోనుకు వచ్చే ఓటీపీ వద్దు. బస్సు ఛార్జీ పెట్టుకొని, ఒకరోజు కూలి పోగొట్టుకొని మండల కేంద్రానికి పోలేనివాళ్ళకు ఇది సౌకర్యమే. కాదని మేం అనం. కాని రహస్య నంబరు బయటపడితే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోగలమా?

ఈ ముద్రలు దొంగలకు ఎక్కడ దొరికాయి? సర్కారు దస్తావేజుల్లోనే! 2018లో తెలంగాణలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి, వాటితో వేల సిమ్‌కార్డులు చలామణీలోకి తెచ్చి పట్టుబడ్డాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకొని, అదే పద్ధతిలో జనం ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. రెంటికీ మధ్య నాలుగేళ్ళు. మొదటి దెబ్బకే దస్తావేజుల మీది ముద్రలు కప్పేసి ఉంటే రెండోది జరిగేదా?

చట్టం లేదా అంటే, ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 66సి, 66డి సెక్షన్లు ఇలాంటి మోసాలకు మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అంటున్నాయి. కాని అదే చట్టం ప్రకారం ఇవి బెయిలు దొరికే నేరాలు. దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారి. మన మండల స్టేషన్‌లో ఉండేది ఎస్.ఐ. కనుక బాధితుడు ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరగాలి. నష్టపరిహారం అడగడానికి ఆ చట్టంలోనే ఒక విచారణాధికారి ఉన్నాడు, రాష్ట్ర ఐటీ కార్యదర్శి. ఆయన కూర్చునేది రాజధానిలో. ఆయన తలుపు తట్టవచ్చని ఎంతమంది కూలీలకు తెలుసు? ఇక ఆధార్ చట్టమా? 2019లో సవరణ వచ్చేదాకా దాని కింద బాధితుడు తానుగా కోర్టుకు ఫిర్యాదు చేసే వీలే లేదు. ఆధార్ సంస్థే చేయాలి!

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఒక మంచి మాట చెప్పింది. ఖాతాదారు తప్పు లేకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారుది కాదు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే. బాగానే ఉంది. మరి ఫోనే లేని ముసలమ్మకు కబురు ఎలా అందుతుంది? డబ్బు పోయిందని ఆమెకు తెలిసేది పింఛను కోసం వెళ్ళి ఉత్తచేతులతో తిరిగి వచ్చిన రోజునే. అప్పుడు కౌంటర్లో బాబు అనేదేమిటి? “నీ వేలే పడింది కదమ్మా, మేమేం చేస్తాం?” అంటే రుజువు భారం చల్లగా ఆమె నెత్తికెక్కింది.

పైగా సలహాలొకటి. “బయోమెట్రిక్‌కు తాళం వేసుకోండి” అంటున్నారు. ఆ తాళం వేయాలన్నా, తీయాలన్నా ఆధార్‌తో ముడిపడ్డ ఫోను ఉండాలి. తాళం తీయడం మరిచి రేషను షాపుకు పోతే వేలు పడదు, బియ్యం రావు. దొంగను ఆపాలంటే పస్తుండమనా? ఎక్కడికి పోయినా వేలు పెట్టమన్నది మనం కాదు. వాళ్ళు పెట్టిన షరతు అది. షరతు పెట్టినవాడే నష్టానికి పూచీ పడాలి.

2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. బ్యాంకులు ఇలాంటి చెల్లింపు కేంద్రాలు నడిపేవారిని బాగా విచారించాకే చేర్చుకోవాలి, మూడు నెలలు లావాదేవీ చేయనివారిని మళ్ళీ తనిఖీ చేయాలి. ఇవి 2026 జనవరి 1 నుంచి అమలు. 2018 నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్ళు! అదీ దొంగను చేర్చుకోకుండా ఉండడానికే. పోయిన డబ్బు సంగతి మళ్ళీ మామూలే.

కనుక మనం అడగాల్సినవి ఇవి: వేలిముద్రతో తీసిన సొమ్ము తనది కాదని ఖాతాదారు ఫిర్యాదు చేస్తే బ్యాంకు ముందు డబ్బు జమచేసి, తర్వాత విచారణ చేసుకోవాలి. ఫోను లేనివారికి గడువు పాసుపుస్తకంలో పద్దు ఎక్కిన రోజు నుంచి లెక్కించాలి. మండల స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకొని రసీదివ్వాలి. సర్కారు దస్తావేజుల్లో వేలిముద్ర, ఆధార్ నంబరు ఎవరికీ కనబడకూడదు.

అంతవరకు సంఘం కార్యకర్తలు చేయగలిగింది కొంత ఉంది. నెలకోసారి వాడకు వెళ్ళి పాసుపుస్తకాలు చూడాలి. అనుమానం వస్తే ఆ గంటలోనే 1930కి ఫోను చేయాలి. ఎంత ఆలస్యమైతే సొమ్ము అంత దూరం పోతుంది. బ్యాంకుకు కాగితం మీద ఫిర్యాదిచ్చి, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఒంటరిగా పోయిన ముసలమ్మను కౌంటర్లో బాబు కసురుకుంటాడు. వెనక ఇరవైమంది నిలబడితే కుర్చీ చూపిస్తాడు.

ఆనాడు వడ్డీ వ్యాపారిని “పత్రం చూపించు” అని నిలదీసింది మనమే. ఈనాడు బ్యాంకును “రుజువు చూపించు” అని నిలదీయాల్సిందీ మనమే.