ఒకే ఒక్క ఏడు: 1565

మా ఆఫీసు మొజంజాహీ మార్కెట్ దగ్గరే. ఏడో నిజాం రెండో కొడుకు పేరిట 1935లో వెలసిన రాతి కట్టడమది. చరిత్ర సంచిక తెస్తున్నామనగానే మిత్రులంతా నిజాముల గురించే అడిగారు. మేం ఇంకా వెనక్కి, హైదరాబాదు పుట్టుకకు 26 ఏళ్ల ముందుకి వెళ్లాం.

1565 జనవరి 23. కృష్ణానదికి చేరువలో, తళ్లికోట యుద్ధంలో విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుగొండ చేరాడు. విజయనగరం దోపిడీపాలైంది. అదే ఏడు మధ్యధరా సముద్రంలో మాల్టా ద్వీపం ఒట్టోమన్ల ముట్టడికి నిలబడింది.

మమ్మల్ని కదిలించింది మాత్రం ఇబ్రహీం కుతుబ్‌షా. అన్న జంషీద్‌కు భయపడి పారిపోయిన ఈ గోల్కొండ రాకుమారుడికి ఏడేళ్లు ఆశ్రయమిచ్చింది రామరాయలే. ఇబ్రహీం తెలుగు నేర్చాడు, తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అలాంటివాడు ఆనాడు రామరాయల మీదికే కత్తి దూశాడు. రామరాయల సేనలోనూ ముస్లిం సర్దారులున్నారు. ఆ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పడం చరిత్రకు అన్యాయమే.

హైదరాబాదులోని పురానాపూల్ ఇబ్రహీం కాలపు వంతెనే, 1578 నాటిది. వీలు చేసుకుని చూడండి.

మీ ఊళ్లో ఆ కాలపు శాసనం ఉంటే దానికి సున్నం, రంగు పూయనివ్వకండి. ఫొటో తీసి, ఊరి పేరుతో మాకు పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.

– సంపాదకుడు