చుక్కలో చ, చిక్కులో చ

ముందుగా ఒక ప్రయోగం. పరికరాలేమీ అక్కరలేదు, మీ నాలుక చాలు. 'చుక్క' అనండి. వెంటనే 'చిక్కు' అనండి. మొదటి మాటలో నాలుక కొన పైపళ్ళ వెనుక తగులుతుంది. రెండో మాటలో నాలుక కాస్త వెనక్కి జరిగి అంగిలిని తాకుతుంది. రాసే అక్షరం ఒకటే, పలికే ధ్వనులు రెండు! మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. 'జున్ను', 'జీడి' అని చూడండి. జ కూడా అంతే.

ఈ తేడా ఇష్టం వచ్చినట్టు రాదు. అచ్చతెలుగు మాటల్లో చ, జల మీద ఇ, ఈ, ఎ, ఏలు ఉంటే తాలవ్యం. అ, ఉ, ఒ వంటివి ఉంటే దంత్యం. ఇ, ఎ పలకాలంటే నాలుక ముందుభాగం ఎలాగూ అంగిలివైపు లేవాలి. చ పలికేటప్పుడే అది అటు బయలుదేరుతుంది, అంతే. పరవస్తు చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఈ నియమం చెప్పి, ఈ రెండూ సవర్ణాలన్నారు. 'తడి'లో త బదులు ద పలికితే 'దడి' అయిపోతుంది, అది వేరే మాట. 'చలి'ని మాత్రం ఏ చతో పలికినా చలి చలే!

ఇక నేను చెప్పదలచిన సంగతి. తరగతిలో ఒక పిల్లవాడు 'చంద్రుడు' అన్న మాటను 'చుక్క'లోని చతో చదువుతాడు. అందరూ నవ్వుతారు, ఒక్కొక్కచోట మాస్టారుతో సహా. మర్నాటినుంచి వాడు పాఠం పైకి చదవమంటే లేవడు. అటువంటి పిల్లలను నేను చూశాను.

వాడిది అజ్ఞానం కాదని నా అభిప్రాయం. చంద్రుడు సంస్కృతం నుంచి వచ్చిన మాట. అక్కడి చ ఎప్పుడూ తాలవ్యమే. ఆ సంగతి వాడికెవరూ చెప్పలేదు. పసితనంలో తనంతట తాను పట్టుకున్న తెలుగు నియమాన్ని వాడు కొత్త మాటకు వర్తింపజేశాడు. లోహాలు నీటిలో మునుగుతాయని తెలిసిన విద్యార్థి సోడియం కూడా మునుగుతుందంటాడు. దాని సాంద్రత 0.97, కనుక తేలుతుంది. అంతమాత్రాన ఆ విద్యార్థిని చూసి నవ్వుతామా? మినహాయింపు ఏమిటో చెబుతాం. 'చుట్టం', 'చాప' కూడా తాలవ్యంతో పలికేవారిని చూసి ఎవరైనా నవ్వగా నేను చూడలేదు. ఇదెక్కడి న్యాయం?

ఈ ఆదివారం మీ అమ్మమ్మగారిని, పక్కింటివారిని, వేరే జిల్లానుంచి వచ్చిన స్నేహితుణ్ణి 'చందమామ' అనమనండి. ఎవరి నాలుక ఎక్కడ తగులుతోందో విని, వారి ఊరు, వయసుతో సహా నోట్‌బుక్కులో రాసుకోండి.