ఆ పాట ఇంక పాడాలా?

సోలాపూర్ నుంచి ఒక తమ్ముడు పోయిన నెల ఉత్తరం పంపాడు. పేరు వేయొద్దన్నాడు. నాయన టవల్ కార్ఖానాలో సాంచాలు నడిపేవాడట, అమ్మ బీడీలు చేసేది. తెలుగు ఇంట్లో, మరాఠీ వీధిలో, ఇంగ్లీషు బడిలో పెరిగిన పిల్లవాడు. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు గ్యాదరింగ్‌లో 'ఐ బిలీవ్ ఐ కెన్ ఫ్లై' అనే పాట పాడాడట. అప్పటిదాకా ఇంగ్లీషులో రెండు మాటలు కలిపి చెప్పాలంటే చెమటలు పట్టేవి, ఆ రోజు నుంచి భయం పోయిందని రాశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నాయన కూడా ఉన్నాడట, రాత్రి పాళి ఒదిలిపెట్టి వచ్చి. ఇప్పుడు పుణెలో మంచి ఉద్యోగం. ఆ పాటగాడు ఏం చేశాడో తర్వాత తెలిసింది.

"అక్కా, ఫోన్‌లో ఆయన పాటలు నలభై దాకా ఉన్నయి. తీసేద్దామంటే చెయ్యి ఆడుతలేదు, విందామంటే మనసొప్పుతలేదు. ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

ఈ నెల పేజీ ఆ తమ్ముడికే.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. ఆ పాట రాసి పాడింది ఆర్. కెల్లీ అనే అమెరికా గాయకుడు. షికాగో నగరంలో, దక్షిణం వైపు పేద నల్లవాళ్ళ పేటల్లో పెరిగాడు. చిన్న వయసులో రైలు స్టేషన్ల దగ్గర పాడుకుని చిల్లర సంపాదించాడు. 1996లో 'స్పేస్ జామ్' సినిమా కోసం ఈ పాట చేశాడు. 1998లో దానికి మూడు గ్రామీ అవార్డులొచ్చాయి. అక్కడ బడి పిల్లల వీడ్కోలు సభల్లో, చర్చిల్లో పాడేవాళ్ళు. పేదోడు పైకొచ్చిన కథ కాబట్టి ఆ పేటలవాళ్ళకు ఆయన మావాడు అనే అభిమానం ఎక్కువ. ఆ అభిమానం సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మన చాళీలోంచి ఒక పిల్లవాడు టీవీలో పాడితే పేటంతా బ్యానర్లు కడతాం.

ఇప్పుడు అసలు సంగతి. 1994లో, అంటే ఈ పాట రాకముందే, కెల్లీ ఆలియా అనే గాయనిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు 15 ఏళ్ళు, ఈయనకు 27. పెళ్ళి పత్రంలో ఆమె వయసు 18 అని రాయించారు. మరుసటి ఏడు ఆ పెళ్ళి రద్దయింది. ఆ పిల్ల మొదటి ఆల్బం పాటలు రాసి తయారుచేసింది ఈయనే. వయసనేది ఒట్టి అంకె అనే అర్థం వచ్చే పేరు దానికి. దుకాణాల్లో అందరి కళ్ళ ముందూ అమ్ముడుపోయింది. దొంగ గుర్తింపు కార్డు కోసం సర్కారు ఆఫీసులో ఒకరికి లంచం ఇచ్చానని ఆయన పాత టూర్ మేనేజరు కోర్టులో చెప్పాడు. ఎప్పుడంటే 2021లో. ఇరవై ఏడేళ్ళ తర్వాత. (వయసు కాగితం మార్పించే పని అమెరికా వాళ్ళకే తెలుసనుకోకండి. పెళ్ళి కోసం పిల్ల వయసు రెండేళ్ళు పెంచి చెప్పిన ఇళ్ళు మన పేటల్లో లేవా?)

2000 సంవత్సరంలో షికాగో సన్-టైమ్స్ పేపరులో సంగీతం గురించి రాసే జిమ్ డెరొగాటిస్ అనే విలేకరికి పేరు లేని ఒక ఫ్యాక్స్ వచ్చింది. కెల్లీకి చిన్న పిల్లలతో సమస్య ఉందని దాని సారాంశం. ఆయన పని పాటల బాగోగులు రాయడం. పక్కన పడేసి ఉంటే అడిగేవాడు లేడు. పడేయలేదు, కోర్టు కాగితాలు వెతికాడు, ఇళ్ళకు తిరిగాడు, డిసెంబరులో వార్త రాశాడు. 2002లో ఆయనకే ఒక వీడియో టేపు చేరింది. అందులో ఉన్నది చిన్న పిల్ల. టేపును పోలీసులకు అప్పగించారు. కెల్లీ మీద కేసు పెట్టారు.

కేసు విచారణకు రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఈ ఆరేళ్ళలో ఆయన ఊరికే కూర్చోలేదు. కేసు నడుస్తుండగానే 2003లో ఆయన కొత్త పాటలు పెద్ద హిట్లు. రేడియోలు వేశాయి, జనం గంతులేశారు. 2008లో జ్యూరీ 14 ఆరోపణల్లోనూ నిర్దోషి అని తేల్చింది. టేపులో ఉన్నది ఫలానా పిల్లే అని బంధువులు సాక్ష్యం చెప్పారు. కానీ ఆ పిల్ల కోర్టుకు రాలేదు, కన్నవాళ్ళూ రాలేదు.

ఆ పిల్ల 2022 ఆగస్టులో వచ్చింది. అప్పటికి 37 ఏళ్ళ ఆడమనిషి. టేపులో ఉన్నది నేనే, అప్పుడు నాకు 14 ఏళ్ళు అని చెప్పింది. అప్పట్లో విచారణలో అది నేను కాదని అబద్ధం చెప్పానంది. ఆ ఇంటికి కెల్లీ ఎట్లా దగ్గరయ్యాడో కూడా చెప్పింది. ఆమె పిన్ని ఆయన దగ్గర పాటలు పాడేది. పిన్ని చెప్తేనే ఈ పిల్ల వెళ్ళి, నాకు గాడ్‌ఫాదర్‌గా ఉంటారా అని అడిగింది. క్రైస్తవుల్లో పిల్లకు తండ్రి తర్వాత తండ్రి అన్నమాట. మన ఇళ్ళల్లో బాబాయ్ అని పిలిపించినట్టు. ఆ పిలుపుతోనే తలుపు తెరుచుకుంది.

1994 నుంచి 2022 దాకా లెక్కపెట్టండి. తమ్ముడు స్కూలు స్టేజీ ఎక్కిన రోజు ఆ మధ్యలోనే ఎక్కడో ఉంది. పన్నెండేళ్ళ పిల్లవాడికి షికాగో సంగతులు ఎట్లా తెలుస్తాయి? అతని తప్పేం లేదు. తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ గురించే ఇప్పుడు చెప్పేది.

2021లో న్యూయార్క్ బ్రూక్లిన్ కోర్టులో ఆయన మీద పెట్టిన పెద్ద ఆరోపణకు వాడిన చట్టం 1970 నాటిది. మాఫియా ముఠాలను పట్టుకోవడానికి తెచ్చారు. ఒక పాటగాడి మీద ముఠా చట్టం ఏమిటి అని ఆయన వకీళ్ళు అడిగారు. ప్రభుత్వ వకీళ్ళు చూపించింది ఇది: మేనేజర్లు, బాడీగార్డులు, డ్రైవర్లు, సహాయకులు అంతా కలిసి నడిపిన పని ఇది. కచేరీకి వచ్చిన పిల్లలకు ఫోను నంబరు చీటీలు ఇచ్చేది ఒకరు, టికెట్లు కొనేది ఒకరు, కార్లో తెచ్చేది ఒకరు. మిల్లులో పని చేసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. సాంచా ముందు నిలబడ్డ మనిషి ఒక్కడే కనపడతాడు. వెనక కండెలు చుట్టేవాళ్ళు, భీము అతికేవాళ్ళు, జాబరు, ముకద్దం, గేటు దగ్గర వాచ్‌మన్, అందరూ ఉంటేనే బట్ట బయటికొస్తుంది. అక్కడ జీతం తీసుకుని చూసీ చూడనట్టున్న ప్రతి మనిషీ ఆ పనిలో ఒక చెయ్యి. తొమ్మిది ఆరోపణలూ రుజువయ్యాయి. 2022 జూన్‌లో 30 ఏళ్ళ శిక్ష పడింది. షికాగో కేసులో 2023లో మరో 20 ఏళ్ళు, అందులో ఒక్క ఏడు తప్ప మిగతాది మొదటి శిక్షతో కలిసే నడుస్తుంది.

ఆ జీతాలన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? పాటల నుంచి. పాట వేరు, పాటగాడు వేరు అని చాలామంది అంటారు, పెద్ద చదువులవాళ్ళు మరీ అంటారు. మనిషి పోయి వందేళ్ళయితే ఆ వాదన నేనూ వింటాను. బతికి ఉన్న మనిషి విషయంలో పాట డబ్బే వకీలు ఫీజు, పాట డబ్బే బంగళా, పాట మీద ప్రేమే ఆ పిల్లల నోటికి తాళం. మా అభిమాన గాయకుడి మీద నిందలేస్తావా అని జనమంతా మీద పడతారని తెలిసిన పద్నాలుగేళ్ళ పిల్ల ఏం చెప్తుంది? బ్రూక్లిన్ కోర్టు బయట కూడా అభిమానులు ఆయన పాటలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అది నాకు మింగుడు పడని విషయం.

ఆయన చిన్నప్పుడు తన మీద కూడా అత్యాచారం జరిగిందని కెల్లీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. జాలి పడాల్సిందే. కానీ ఆ దెబ్బ తిన్నవాళ్ళు లోకంలో లక్షలమంది ఉన్నారు, వాళ్ళంతా పిల్లల మీద పడరు.

చివరికి కదిలించింది ఎవరంటే, 2017లో అట్లాంటా నగరంలో ఇద్దరు నల్లజాతి ఆడవాళ్ళు. ఆయన పాటలు రేడియోలో ఆపండి, కచేరీలు ఆపండి అని ఉద్యమం మొదలుపెట్టారు. 2019 జనవరిలో ఆ బాధితులే కెమెరా ముందు మాట్లాడిన ఆరు భాగాల టీవీ డాక్యుమెంటరీ వచ్చింది. ఆ నెలలోనే రికార్డు కంపెనీ ఆయనతో తెంచుకుంది. విచిత్రం ఏమిటంటే అదే వారంలో ఆయన పాటలు వినేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు చెప్తాను. స్టేజీ మీద నీకొచ్చిన ధైర్యం నీది. నీ గొంతు, నీ సాధన, పాళి ఒదిలి వచ్చిన మీ నాయనది. అందులో కెల్లీకి వాటా లేదు, దాన్ని తుడిచేయాల్సిన పనీ లేదు. ఫోన్‌లో పాటలు మాత్రం తీసెయ్. పాట మోగిన ప్రతిసారీ అటువైపు కొంత పైకం పోతుంది, దానికి నువ్వు దారి కాకు. ఎక్కడో బస్సులో వినపడి కళ్ళు చెమ్మగిల్లితే సిగ్గుపడకు. మీ పిల్లల బళ్ళో గ్యాదరింగ్‌కు ఆ పాట పెడితే టీచరమ్మతో మెల్లగా ఒక మాట చెప్పు, వేరే పాటలు బోలెడున్నాయి.

షికాగో దూరం అనుకునే తల్లులకు ఇంకొక మాట. మన పేటల్లో డాన్సు క్లాసులు, పాట క్లాసులు, గణపతి పండగ ముందు రాత్రి తొమ్మిదింటి దాకా ప్రాక్టీసులు, టీవీ పోటీలకు పిల్లల్ని పంపే మాస్టర్లు, ఇవన్నీ ఉన్నాయి. చాలామంది మంచివాళ్ళు. అయితే ఒక్కదాన్నే రమ్మనే మాస్టరు, అమ్మానాన్నకు చెప్పొద్దనే మాస్టరు, ఫోను కొనిచ్చే మాస్టరు ఎంత బాగా నేర్పినా మాన్పించండి. పిల్ల క్లాసుకు పోనంటే బద్ధకం అని తిట్టేముందు ఎందుకో అడగండి. "సార్ అట్లాంటోడు కాదు" అన్న మాట పిల్ల ముందు అనకండి. అది విన్న పిల్ల ఇంక జన్మలో చెప్పదు.

చెప్తే ఏం చేయాలి? 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, ఆ పిల్ల ఒప్పుకుంది అన్న సాకు చెల్లదు. సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదే నేరం, బడి నడిపేవాళ్ళకైనా క్లాసు నడిపేవాళ్ళకైనా అంతే. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, యూనిఫాం వేసుకోకుండా వచ్చి, వీలైనంత వరకు ఆడ అధికారే తీసుకోవాలి. పిల్ల పేరు, ఫొటో పేపర్లో రాకూడదు. పరువు పోతుందని ఆగేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోండి. స్టేషనుకు పోవడానికి కాళ్ళాడకపోతే ముందు 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు. రాత్రి పాళి దిగి వచ్చి చేసినా ఎత్తుతారు.